పాఠకుల ప్రశ్నలు: తక్కువ ఖర్చులో రైఫిల్ ట్రిగ్గర్

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత బెంగళూరులో ఒక రైఫిల్ క్లబ్బులో చేరాను. నా పేరన లైసెన్సు ఉన్న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .22 రైఫిల్‌తో వారానికి రెండు రోజులు గురి సాధన చేస్తున్నాను. మా తమ్ముడు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ వాడి స్నేహితుడి పశువుల క్షేత్రంలో ప్రెయిరీ డాగ్‌ల బెడద, కొయోటీల (తోడేలును పోలిన జంతువుల) బెడద ఎక్కువగా ఉండటంతో .223 కాలిబర్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ రెమింగ్టన్ 700 కొన్నాడు. దాని ట్రిగ్గర్ మరీ బిగుతుగా ఉందట. 200 డాలర్లకు మించకుండా వేరేది వేయించుకోవాలని, ఏది మంచిదో చెప్పమని నన్ను అడుగుతున్నాడు. సంక్రాంతికి వచ్చేటప్పుడు నా రైఫిల్‌కు కూడా ఒకటి తెస్తానంటున్నాడు. తగిన సలహా ఇవ్వగలరు. (ఒక పాఠకుడు, మారతహళ్లి)

జవాబు: మీ ఉత్తరంలోని చివరి వాక్యానికే ముందు సమాధానం చెబుతాను. తమ్ముడిని ట్రిగ్గర్ తీసుకురావద్దని దయచేసి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. 1959 నాటి ఆయుధాల చట్టం ఆయుధాలకు ఇచ్చిన నిర్వచనంలో వాటి విడిభాగాలు కూడా ఉన్నాయి, వాటిని దేశంలోకి తేవాలంటే ఆ చట్టం 10వ సెక్షన్ ప్రకారం లైసెన్సు ఉండాలి. అరచేతిలో ఇమిడిపోయే వస్తువే కదా అని సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని వస్తే, కస్టమ్స్ వారి దృష్టిలో అది ఆయుధ భాగమే అవుతుంది. పండక్కి ఇంటికి రావలసిన మనిషి విమానాశ్రయంలోనే చిక్కుకుపోతాడు. పైగా అమెరికా మార్కెట్లో దొరికే ట్రిగ్గర్లు అక్కడి రైఫిళ్ల కొలతలకు చేసినవి కాబట్టి, తెచ్చినా మీ రైఫిల్‌లో కూర్చోవు.

తమ్ముడి వీసా సంగతి మీరు రాయలేదు. ఆయన గ్రీన్ కార్డు గాని పౌరసత్వం గాని ఉన్నవారైతే ఈ పేరా వదిలేయవచ్చు. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాపై ఉన్నట్లయితే, అమెరికా కేంద్ర చట్టం అటువంటి వారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్నే నిషేధిస్తోంది. ఆ చట్టంలో ఉన్న మినహాయింపుల్లో మనవారికి సాధారణంగా వర్తించేది ఒకటే, అది ఏదైనా రాష్ట్రం జారీ చేసి ఇంకా చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. దాని గడువు తీరిపోకుండా చూసుకోవడం ట్రిగ్గర్ కొనడం కన్నా ముందు చేయవలసిన పని. మన పిల్లలు చాలామంది ఈ విషయం తెలియకుండానే అక్కడ తుపాకులు కొంటున్నారు, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

ఇక అసలు విషయానికి వద్దాం. ప్రెయిరీ డాగ్ పేరులో కుక్క ఉన్నా అది ఉడుత జాతి జంతువు. బొరియ అంచున నిటారుగా నిలబడి చూస్తుంది, దాని ఒంటి వెడల్పు మన అరచేతి వెడల్పుకు మించదు. 300 గజాల దూరంలో ఒక మినిట్ ఆఫ్ యాంగిల్ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అంటే సుమారు 8 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఆ జంతువు వెడల్పంత. ఆ ఒక్క మినిట్‌ను రైఫిల్ దగ్గర కొలిస్తే మీటరు పొడవుకు 0.29 మిల్లీమీటర్లు మాత్రమే. వేలు ట్రిగ్గర్‌ను నొక్కే క్షణంలో బ్యారెల్ కొన అంత మాత్రం పక్కకు జరిగినా గుండు జంతువును తప్పిపోతుంది, లేదా గాయపరిచి వదిలేస్తుంది. రెండోది మొదటిదానికన్నా బాధాకరం. లావు బ్యారెల్ ఉన్న ఈ తరహా రైఫిల్ స్కోపు లేకుండా సుమారు నాలుగు కిలోలు తూగుతుంది. ట్రిగ్గర్ ఐదు పౌన్ల బరువుంటే, అంటే సుమారు 2.27 కిలోల బలం అడిగితే, రైఫిల్ బరువులో సగానికి మించిన బలాన్ని ఒక్క చూపుడువేలు ప్రయోగించాలి. రైఫిల్ కదలకుండా ఉండాలంటే ఎలా ఉంటుంది?

అయితే బరువు ఒక్కటే దోషం కాదు. మూడు పౌన్ల ట్రిగ్గర్ అయినా శుభ్రంగా, చలికాలపు ఉదయం కొబ్బరినూనె గడ్డమీది పొరలా ఒక్కసారిగా తెగితే, అంటే పట్టు వదిలి పేలిస్తే, దానితో చక్కగా గురిపెట్టవచ్చు. రెండు పౌన్లే ఉన్నా ఇసుక మీద కాలు ఈడ్చినట్టు గరగరలాడుతూ జారే ట్రిగ్గర్‌తో సాధ్యం కాదు. ఆ జారుడునే షూటర్లు క్రీప్ అంటారు. కొనేటప్పుడు డబ్బాపై రాసిన పౌన్ల కన్నా దీన్నే ఎక్కువగా చూడాలి.

కొత్తది కొనే ముందు తమ్ముడు ఉన్న ట్రిగ్గర్‌ను తూచి చూడాలి. ఇందుకు వేరే పరికరం అక్కరలేదు. విమానాశ్రయానికి బయలుదేరే ముందు సూట్‌కేసు తూచుకునే చేతి త్రాసు ప్రవాసుల ఇళ్లలో సాధారణంగా ఉంటుంది. రైఫిల్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్న తరువాత, బూటు తాడును ఉచ్చులా చేసి ట్రిగ్గర్ మధ్యలో తగిలించి, త్రాసుతో నిదానంగా, నేరుగా వెనక్కి లాగి, తెగిన క్షణాన ఎంత చూపిందో రాసుకోవాలి. ఇలా పదిసార్లు చేయాలి. పది అంకెలూ దగ్గర దగ్గరగా ఉంటే ట్రిగ్గర్ ఆరోగ్యంగానే ఉన్నట్టు. ఒకసారి రెండు కిలోలు, ఇంకోసారి కిలోన్నర వస్తుంటే లోపల మురికి గాని, అరుగుదల గాని ఉంది.

ఆయన కొన్నది సెకండ్‌హ్యాండ్ రెమింగ్టన్ కాబట్టి ఇంకొకటి చూడాలి. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 వరకు తయారైన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లు ఉన్న మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్లను ఆ కంపెనీయే 2014లో వెనక్కి పిలిచింది. బిగింపులో వాడిన జిగురు పదార్థం ఎక్కువై, అనుకోకుండా పేలే ప్రమాదం ఉందన్నది కారణం. ట్రిగ్గర్ ముఖం నున్నగా ఉంటే అది ఎక్స్-మార్క్ ప్రో, గాట్లు ఉంటే అంతకుముందు వాకర్ రూపొందించిన పాత ట్రిగ్గర్. పాతది కూడా నిర్దోషి ఏమీ కాదు. సియర్ అంటే ట్రిగ్గర్ నొక్కేదాకా స్ట్రైకర్‌ను, అంటే తూటాను కొట్టే సూదిని, ఆపి ఉంచే ముక్క. పాతదానిలో ట్రిగ్గర్‌కు, సియర్‌కు మధ్య కనెక్టర్ అనే విడి ముక్క ఉంటుంది. దుమ్ము, గడ్డకట్టిన నూనె చేరి అది తన స్థానానికి పూర్తిగా తిరిగి రాకపోతే సియర్‌కు దొరికే ఆధారం తగ్గిపోతుంది. దానిపై అమెరికాలో ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. ఇదే రైఫిల్ కాకుండా వేరేది అయితే, ముందు శుభ్రం చేయించి సర్దుబాటు స్క్రూలతో సరిపెట్టుకోమనే చెప్పేవాడిని. తిక్కా, రూగర్ అమెరికన్ వంటి వాటికైతే స్ప్రింగు ఒక్కటి మార్చినా చాలా తేడా వస్తుంది, అయ్యే ఖర్చూ స్వల్పమే. శావేజ్ రైఫిళ్లకు అక్యుట్రిగ్గర్ ఉంటే దాన్ని యజమానే సర్దుకోవచ్చు. కాని పాత 700 విషయంలో మొత్తం ట్రిగ్గర్ మార్చడమే మంచిదని నా అభిప్రాయం, అందుకు పెట్టే ఖర్చు వృథా కాదు.

ఆ 200 డాలర్ల లోపు ముఖ్యంగా రెండు పేర్లు పరిశీలించవచ్చు. ఒకటి టిమ్నీ. 1946 నుంచి ట్రిగ్గర్లే చేస్తున్న అమెరికన్ సంస్థ ఇది. సాంప్రదాయిక పద్ధతిలో, బాగా నునుపు చేసిన సియర్‌తో తయారుచేస్తారు. రెండవది కెనడాకు చెందిన ట్రిగ్గర్‌టెక్. ఇందులో సియర్‌కు, ట్రిగ్గర్‌కు మధ్య చిన్న రోలర్ ఉంటుంది. లోహం మీద లోహం రాసుకునే బదులు రోలర్ దొర్లుతుంది కాబట్టి జారుడు వేలికి తెలియనే తెలియదు. ఆ సంస్థ చేసే వాటిలో ప్రైమరీ అనే చవక రకం ఈ పనికి చాలు. ఈ రెండూ సుమారు ఒకటిన్నర నుంచి నాలుగు పౌన్ల మధ్య సర్దుకోవచ్చు. పోటీ షూటర్లు ఇష్టపడే జూయెల్ ట్రిగ్గర్ బరువు ఔన్సుల్లోకి దిగుతుంది, చాలా గొప్ప వస్తువు, కాని దాని ధర ఎక్కువ, దుమ్ము పడితే తరచు శుభ్రం చేయాలి. పొలం గట్టున, దుమ్ములో వాడే రైఫిల్‌కు నేనైతే ట్రిగ్గర్‌టెక్ వైపే మొగ్గుతాను. వంపు తిరిగిన ట్రిగ్గరా, చదునైనదా అన్నది వేలి అలవాటు, అంతే. వాడేసిన ట్రిగ్గర్ మాత్రం ఎంత చవకగా వచ్చినా కొనవద్దు, ఎవరి సానరాయి దాని సియర్‌ను ఎంత అరగదీసిందో బయటికి కనిపించదు.

ఎంత బరువుకు పెట్టుకోవాలి? బెంచీ మీద రైఫిల్ ఆనించి ప్రెయిరీ డాగ్‌లను మాత్రమే కొట్టేవారు ఒకటిన్నర పౌను వరకు వెళతారు. మీ తమ్ముడు కొయోటీల కోసం చలిలో చేతి తొడుగులు వేసుకుని కూర్చునే సందర్భాలూ ఉంటాయి కాబట్టి, రెండున్నర పౌన్లు, అంటే సుమారు 1.13 కిలోలు ఉంచుకోమని చెప్పండి. తొడుగు వేసిన వేలికి స్పర్శ తక్కువగా ఉంటుంది. ట్రిగ్గర్ తేలికగా ఉంటే గురి కుదరకముందే గుండు వెళ్లిపోతుంది.

బిగించడం మరీ కష్టమైన పని కాదు. స్టాకు విప్పి, రెండు పిన్నులు తట్టి తీస్తే పాతది ఊడి వస్తుంది. అక్కడ బోల్టును ఆపే చిన్న ముక్కకు ఒక సన్నని స్ప్రింగు ఉంటుంది. అది ఎగిరి ఎక్కడ పడిందో తెలియక గంటలకొద్దీ నేల వెతికినవారిని చూశాను, కాబట్టి కింద తెల్లగుడ్డ పరచుకోమనండి. చేయి తిరగకపోతే అక్కడి గన్‌స్మిత్‌కు ఇవ్వడమే మేలు. ఎవరు బిగించినా, బిగించిన తరువాతి పరీక్షలు మాత్రం తప్పనిసరి. ఖాళీ రైఫిల్‌ను కాక్ చేసి (బోల్టు తెరిచి మూసి పేలేందుకు సిద్ధం చేసి), సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదలాలి. తరువాత ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయాలి. అప్పుడు స్ట్రైకర్ పడకూడదు. బోల్టును విసురుగా పది పన్నెండు సార్లు మూసి చూడాలి. కాక్ చేసిన ఖాళీ రైఫిల్ మడమను (భుజానికి ఆనే వెనుక కొనను) రబ్బరు చాప మీద గట్టిగా తాటించాలి. రబ్బరు సుత్తితో పక్కల నుంచి తట్టాలి. వీటిలో ఒక్కసారి క్లిక్‌మన్నా బరువు పెంచాలి, లేదా ట్రిగ్గర్‌ను వెనక్కి పంపాలి. స్టాకు విప్పి బిగించాక రైఫిల్ సున్నా, అంటే గురి పెట్టిన చోటే గుండు తగిలే అమరిక, మారుతుంది కాబట్టి మళ్లీ కాగితం మీద జీరో చేసుకోవాలి. ట్రిగ్గర్‌లో నూనె మాత్రం పోయకూడదు. అది దుమ్మును పట్టి జిగురవుతుంది.

మీ .22 సంగతి. దానికి మార్పిడి ట్రిగ్గర్ కోసం వెతకవద్దు, స్వయంగా సానపట్టవద్దు. మరమ్మతు వ్యాపారానికి కూడా ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి, కాబట్టి లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరే శుభ్రం చేయించండి. పాత గ్రీజు పోతేనే సగం బాధ తీరడం నేను చాలా రైఫిళ్లలో చూశాను. మిగిలిన సగం సాధనతో తీరుతుంది. మా దగ్గర నేర్చుకునేవారికి ఒక అలవాటు చేయిస్తాను. ఖాళీ రైఫిల్ బ్యారెల్ కొన దగ్గర రూపాయి నాణెం పెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ తెగేలా నొక్కమంటాను. వరుసగా ఇరవైసార్లు పడకుండా ఉంటే ట్రిగ్గర్ మీద ఫిర్యాదు దానంతటదే తగ్గుతుంది. అయితే .22 రైఫిల్‌ను ఖాళీ ఛాంబర్‌తో నొక్కితే కొన్నింట్లో స్ట్రైకర్ ఛాంబర్ అంచుకు తగిలి గాటు పడుతుంది. డమ్మీ తూటా పెట్టుకోండి.

ప్రశ్న: చెన్నైలో మా పన్నెండేళ్ల పాప ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఇంట్లో సాధనకు స్ప్రింగుతో పనిచేసే సాధారణ ఎయిర్ రైఫిల్ కొన్నాం. ట్రిగ్గర్ బిగుతుగా ఉందని పాప చేయి వణుకుతోంది. తేలిక చేయించవచ్చా? (ఒక తల్లి, అన్నానగర్)

జవాబు: వద్దమ్మా. బ్యారెల్ విరిచి స్ప్రింగు ఎక్కించే తుపాకీలో సియర్ పట్టు తగ్గిస్తే, ఎక్కించే సమయంలోనే అది జారి బ్యారెల్ విసురుగా మూసుకోవచ్చు. అప్పుడు మధ్యలో ఉండేవి పాప వేళ్లే. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. దాన్ని కొట్టే మ్యాచ్ రైఫిళ్ల ట్రిగ్గర్లు వంద గ్రాముల చుట్టుపక్కల తెగేలా, రెండు దశలుగా మొదటి నుంచే రూపొందించినవి. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌కు అంతర్జాతీయ నియమాల్లో కనీసం 500 గ్రాములు ఉండాలన్న షరతు ఉంది గాని, ఎయిర్ రైఫిల్‌కు అటువంటి కనీస పరిమితి లేదు. అందువల్ల ఇంట్లోని తుపాకీని ఎంత సవరించినా పాప పోటీలో పట్టుకునే ట్రిగ్గర్‌లా అది ఎన్నటికీ కాదు. ఆ డబ్బుతో క్లబ్బు మ్యాచ్ రైఫిల్‌ను వారానికి ఇంకొక గంట అద్దెకు తీసుకోండి. ఇంట్లో గుండ్లు లేకుండా, నిలబడే భంగిమ, ఊపిరి మాత్రమే సాధన చేయించండి. స్ప్రింగు తుపాకీని గుండు లేకుండా పేల్చడం దాని పిస్టన్ సీలుకు కూడా చేటు.

ప్రశ్న: హోసూరు దగ్గర మాకు రాగి, వేరుశనగ పొలం ఉంది. అడవిపందులు రాత్రికి రాత్రి తవ్విపోస్తున్నాయి. లైసెన్సు ఉన్న పన్నెండు బోరు జంట తుపాకీ ట్రిగ్గర్లను తేలిక చేయించాలనుకుంటున్నాను. (ఒక రైతు)

జవాబు: జంట తుపాకీ ట్రిగ్గర్లు బరువుగా ఉండటానికి కారణం ఉంది. తేలిక చేస్తే మొదటి బ్యారెల్ తన్నే ఊపుకే రెండోది కూడా పేలిపోవచ్చు. ఛర్రాల తుపాకీకి అంత సున్నితమైన ట్రిగ్గర్ అవసరమూ లేదు. ఇక తుపాకీ లైసెన్సు మీకు ఆయుధం ఉంచుకునే హక్కు ఇస్తుంది గాని జంతువును చంపే హక్కు ఇవ్వదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, నిలబడి ఉన్న పైరుకు నష్టం చేస్తున్న జంతువు విషయంలో అటవీ శాఖ అధీకృత అధికారి కారణాలు చూపి లిఖితపూర్వకంగా అనుమతించాలి. తవ్విపోసిన మళ్ల ఫొటోలు తేదీలతో సహా తీసి, పట్టా నకలు జతచేసి, అటవీ రేంజ్ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి రశీదు తీసుకోండి. పంట నష్టపరిహారానికి కూడా ఆ ఫొటోలనే జతచేయవచ్చు.