లాటిన్ చదివించండి, ఆ 6 లక్షల జోలికి మాత్రం వెళ్లకండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది. ఇంగ్లండ్‌లో లాటిన్, రోమన్ చరిత్ర చదువుతానంటోంది. మూడేళ్లకు 90 లక్షలవుతుందట. ఇల్లు తనఖా పెడితే బ్యాంకు 10 శాతానికి 60 లక్షలిస్తుంది. ఎఫ్‌డీ 6 లక్షలుంది. మిగతా 24 లక్షలు తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. ప్రైవేటు ఉద్యోగం, జీతం లక్షా పది వేలు. ఈ చదువు దేనికి పనికొస్తుందని చుట్టాలంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు చుట్టాల మాట పక్కన పెట్టండి. న్యూటన్ తన చలన, గురుత్వాకర్షణ సూత్రాల గ్రంథం 'ప్రిన్సిపియా'ను 1687లో లాటిన్‌లోనే వెలువరించాడు. కొత్త మొక్కకు పేరు పెట్టాలంటే 2011 చివరి దాకా దాని వర్ణన లాటిన్‌లోనే ఇవ్వాల్సి వచ్చేది. యూరప్ మధ్యయుగపు దస్తావేజులు చాలావరకు ఆ భాషలోనే ఉన్నాయి. ఇంటర్‌లో సంస్కృతం తీసుకుని ఉంటే లాటిన్‌లోని విభక్తులు మీ అమ్మాయికి కొత్తేమీ కావు. ప్రతి మాటనూ ఆచితూచి చదివే ఆ అలవాటు లా వృత్తిలో బాగా అక్కరకొస్తుంది. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ (లాయరు) పరీక్ష రాయడానికి ఏ డిగ్రీ అయినా చాలు. చదువు మంచిదే, కానీ రాబడి నెమ్మదిగా వస్తుంది. పైగా 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి చదువయ్యాక అక్కడే ఉండి పనిచేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లకు బదులు 18 నెలలే.

నన్ను కలవరపెట్టింది ఆ 24 లక్షలు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, నెలకు 48,000. అది కట్టినా అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గదు. బ్యాంకు అప్పు మొత్తం వాడాక దాని వడ్డీ నెలకు 50,000. మారటోరియం (వాయిదాలు కట్టకుండా బ్యాంకు ఇచ్చే గడువు) ఉన్నా ఆ వడ్డీ పేరుకుపోతూనే ఉంటుంది. రెండూ కలిపితే 98,000. ఇల్లు ఎలా గడుస్తుంది? ఈ రెండు రూపాయల అప్పు ఏ పరిస్థితిలోనూ వద్దు.

అంతకన్నా పెద్ద పొరపాటు ఎఫ్‌డీ తీసేయడం. పిల్లల్ని విదేశాలకు పంపే తల్లిదండ్రుల్లో చాలామంది చేసేది ఇదే. వీసా కోసం 28 రోజులు ఖాతాలో చూపించి మళ్లీ ఎఫ్‌డీ వేద్దామనుకుంటారు, అది కాస్తా మొదటి ఏడాది ఫీజులో కలిసిపోతుంది. ఆ తర్వాత మీ ఉద్యోగం పోతే జీతంతో పాటు కంపెనీ ఇచ్చిన హెల్త్ పాలసీ కూడా పోతుంది. అదే నెలలో పౌండు పెరిగిందనో, హాస్టల్ మారాలనో అమ్మాయి ఫోన్ చేస్తుంది. అప్పుడు మళ్లీ అదే రెండు రూపాయల గడప తొక్కుతారు. ఇంటి ఖర్చు నెలకు 50,000 అనుకుంటే ఆ 6 లక్షలు ఏడాది ఊపిరి. బ్యాంకు వడ్డీకి ఆరు నెలలకు మరో 3 లక్షలు దానికి కలపండి. ఆ 9 లక్షలు పక్కన పడ్డాకే బ్యాంకు అప్పు కాగితాల మీద సంతకం చేయండి.

అయితే దారేది? ఇక్కడే సంస్కృతంతోనో చరిత్రతోనో బీఏ చేయించి, లాటిన్ ఇప్పటినుంచే ఇంట్లో మొదలుపెట్టించండి. ఇంగ్లండ్‌లో మాస్టర్స్ ఏడాదే కాబట్టి ఖర్చు దాదాపు మూడో వంతుకు దిగుతుంది. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, కానీ జర్మన్ బాగా రావాలి. స్కాలర్‌షిప్‌లకు ఎలాగూ దరఖాస్తు చేయండి.

అప్పు ఎంతైతే అంతకు మీ పేరున టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు సొమ్మిచ్చే జీవిత బీమా) ఉండాలి. ఆ 24 లక్షలు ఇస్తామన్నవాళ్లకు మాత్రం ఇవాళే వద్దని చెప్పేయండి.