బూస్ట్ ఎక్కగానే ఇంజన్ కట్ అవుతోంది, పంప్ మార్చాలా?

ప్రశ్న: సార్, నాది 1.0 లీటర్ టర్బో పెట్రోల్ కారు, ఈమధ్యే స్టేజ్ 1 రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజన్ కంప్యూటర్‌లో ఫైల్ మార్చడం) చేయించా. సిటీలో ఏ ప్రాబ్లం లేదు, హైవే మీద ఓవర్‌టేక్‌కి గట్టిగా తొక్కితే మాత్రం 3,500 ఆర్‌పీఎం దగ్గర ఠక్కున పవర్ పోతుంది, కాలు తీస్తే మళ్లీ మామూలే. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. ట్యూన్ చేసినాయన బూస్ట్ లిమిట్ పెంచేస్తే పోద్దంటున్నాడు, మెకానిక్ ఫ్యూయల్ పంప్ మార్చమంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: దయచేసి రెండూ ఇప్పుడే చేయకండి. కాలు తీయగానే సర్దుకుంటోంది, చల్లగాలిలో ఎక్కువవుతోంది అంటే నాకు ముందు ఓవర్‌బూస్ట్ (టర్బో హద్దుకి మించి గాలిని ఇంజన్‌లోకి తోయడం) మీదే అనుమానం. ఇంజన్‌లోకి వెళ్లే గాలి ప్రెషర్‌ని కొలిచే మ్యాప్ సెన్సర్‌లో ప్రెషర్ హద్దు దాటితే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఫ్యూయల్ ఆపేస్తుంది, ఎదురుగా గోడ తగిలినట్టు అన్ని సిలిండర్లూ ఒకేసారి ఆగుతాయి. అది ఇంజన్‌ని కాపాడే ఏర్పాటు, కారణం తెలీకుండా ఆ లిమిట్ ఎత్తేస్తే పోయేది పిస్టన్లే.

అదే కుదుపులు కుదుపులుగా వచ్చి చెక్ ఇంజన్ లైట్ మినుకుమంటే స్పార్క్ వైపు చూడాలి, బూస్ట్ పెరిగితే సిలిండర్లో గాలి చిక్కబడి స్పార్క్ దూకడం కష్టమవుతుంది కాబట్టి ప్లగ్ గ్యాప్ 0.8 ఎంఎం ఉంటే 0.6, 0.7కి తగ్గిస్తుంటారు, ప్లగ్‌లకి కరెంట్ ఇచ్చే కాయిల్స్ కూడా చూపించండి. ఇక బండి గేర్లో పోతుండగానే ఆర్‌పీఎం ముల్లు సున్నాకి పడిపోతే ఇంజన్ తిరిగే వేగాన్ని చూసే క్రాంక్ సెన్సర్ గానీ దాని వైరింగ్ గానీ.

ఊహలతో పార్టులు మార్చే బదులు కారు డయాగ్నస్టిక్ సాకెట్‌కి ఓబీడీ అడాప్టర్ పెట్టి లాగ్ (బండి నడుస్తుండగా రీడింగుల రికార్డు) తీయండి. ఖాళీ రోడ్డు మీద, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, మూడో గేర్లో. ఈసీయూ అడిగిన బూస్ట్, నిజంగా వచ్చిన బూస్ట్, రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి వెళ్లే పెట్రోల్ ప్రెషర్), మిస్‌ఫైర్ కౌంట్ (సిలిండర్లో పెట్రోల్ సరిగ్గా మండని సార్లు), ఈ నాలుగూ చాలు. కట్ అయ్యే ముందు బూస్ట్ అడిగినదాని కన్నా పైకి ఎగిరి, పీ0234 అనే ఓవర్‌బూస్ట్ కోడ్ కూడా ఉంటే వేస్ట్‌గేట్ (టర్బో బూస్ట్‌ని అదుపు చేసే వాల్వు) చూపించండి, గాలి పైపుతో నడిచే రకమైతే ఆ సన్న పైపు పగిలినా ఊడినా బూస్ట్ అదుపు తప్పుతుంది. ఎలక్ట్రానిక్ రకమైతే దాన్ని కదిలించే యాక్చుయేటర్‌ని స్కానర్‌తో చెక్ చేయించాలి.

రైల్ ప్రెషర్ అడిగినంత రాక పడిపోతుంటేనే, రైల్ ప్రెషర్ తక్కువని చెప్పే పీ0087 కోడ్ వస్తేనే, పంప్ సంగతి ఆలోచించండి, అలా కనిపిస్తే ఆ రోజు నుంచే గట్టిగా తొక్కడం ఆపేయాలి ఎందుకంటే బూస్ట్‌లో పెట్రోల్ చాలకపోతే పిస్టన్ కరిగే దాకా పోతుంది. ఇవన్నీ బాగున్నాయంటే స్టాక్ ఫైల్ (కంపెనీ ఇచ్చిన అసలు ఫైల్) ఎక్కించి అదే రోడ్డు మీద మళ్లీ లాగ్ తీయండి, అందులో బూస్ట్ హద్దులో ఉంటే రెండు లాగులూ ట్యూనర్ ముందు పెట్టి ఫైల్ సరిచేసి ఇవ్వమనండి.