డాల్ఫిన్‌కు ర్యాంకు ఇవ్వకు

చిరంజీవి మాధవికి, ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. భాష బాగుంది. అయితే ‘మనిషి తర్వాత అంతటి తెలివైన ప్రాణి డాల్ఫినే’ అన్న మొదటి వాక్యం నన్ను ఎంతగా చిరాకు పెట్టిందంటే, వెంటనే జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

నువ్వు చూపిన ఆధారం మెదడు బరువు. బాటిల్‌నోస్ డాల్ఫిన్ మెదడు సుమారు 1.6 కిలోలు, మనిషిది 1.4 కిలోలలోపు అన్నావు, నిజమే. కానీ ఏనుగు మెదడు 4.5 కిలోల పైమాటే, స్పెర్మ్ తిమింగలానిది దాదాపు 8 కిలోలు కాబట్టి, ఆ తూకంలో నీ డాల్ఫిన్‌తో పాటు మనమూ వెనకబడతాం. శరీర పరిమాణంతో పోల్చి చూస్తే డాల్ఫిన్ చింపాంజీకి పైన, మనిషికి కింద నిలుస్తుంది. ఆ లెక్క కూడా మెదడు ఎంత ఉందో చెబుతుందే గాని, దానితో ఆ ప్రాణి ఏం చేస్తుందో చెప్పదు. అద్దంలో తనను తాను గుర్తుపట్టడం డాల్ఫిన్‌కే చెల్లిందని రాశావు. 2001లో డయానా రీస్, లోరీ మరీనో అనే పరిశోధకులు డాల్ఫిన్ల ఒంటిపై గుర్తు పెట్టినప్పుడు అవి అద్దం దగ్గరికి వెళ్లి, ఆ గుర్తు కనబడేలా ఒళ్లు తిప్పి చూసుకున్న మాట వాస్తవం. చింపాంజీలు ఆ పని 1970లోనే చేశాయి, 2006లో ఒక ఏనుగు, 2008లో మాగ్‌పై పక్షులూ చేశాయి. పైగా అది కంటికి పెట్టే పరీక్ష. డాల్ఫిన్ ముఖ్యంగా ధ్వనితో బతికే ప్రాణి. ఒక్కొక్కదానికీ తనదైన ఈల ఉంటుంది, ఒకప్పటి సహచరుల ఈలలను 20 ఏళ్ల తర్వాత కూడా గుర్తుపట్టినట్లు 2013లో తేలింది. వేల చోట్ల గింజలు దాచి, నెలల తర్వాత వెతికి తీసుకునే నట్‌క్రాకర్ పక్షిని దీనికి పైన పెడతావా, కింద పెడతావా? జంతువులకు ర్యాంకులు వేసే ఈ ఫ్యాషన్ పత్రికలు అంటించిన జబ్బు.

నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో హోనొలులులోని అకేఅకమై అనే డాల్ఫిన్ మీద ఒక వ్యాసం పంపాను. శాస్త్రవేత్త లూయిస్ హెర్మన్ బృందం దానికి చేతి సైగల భాష నేర్పింది. మనిషి, సర్ఫ్ పలక, తీసుకురా అన్న సైగలు ఒక వరుసలో చూపితే అది పలకను మనిషి దగ్గరికి తెచ్చేది, మొదటి రెండింటినీ తారుమారు చేస్తే మనిషిని పలక దగ్గరికి చేర్చేది. సంపాదకుడు సరిగ్గా ఆ పేరానే కోసేసి, ‘మనిషిని మించిన మేధావి’ అని శీర్షిక తగిలించాడు. ఆ కోతను నేను నేటికీ క్షమించలేదు. చేసిన పని కనబడకుండా పోయి, పొగడ్త ఒక్కటే మిగిలింది.

నీ వ్యాసంలో నన్ను కదిలించిన చోటు ఒకటుంది. ఆస్ట్రేలియాలోని షార్క్ బే దగ్గర తల్లి డాల్ఫిన్ సముద్రపు స్పాంజిని మూతికి తొడుక్కుని, గరుకైన అడుగునేలను కెలికి చేపలను లేపడం, పక్కనే ఈదుతున్న కూతురు ఆ పని నేర్చుకోవడం. ఆ పేరాలో ‘తెలివి’ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు, రావలసిన అవసరమూ కలగలేదు.

ఏ పత్రికకు పంపాలో తర్వాత చూద్దాం. ముందు ఆ మొదటి వాక్యం కొట్టేసి, వ్యాసాన్ని స్పాంజి దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి.