పట్టికలో ఉందన్నారు సరే, పేట్రన్ ఎవరు?

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారం. వర్జీనియా తీరంలో ఇల్లు కొనుక్కుని ఆరేళ్ళయింది. గట్టి వాన పడితే మా వీధి మొదట్లో మోకాలి లోతు నీళ్ళు. ఒక్కోసారి ఎండ కాస్తుండగానే, సముద్రం బాగా పోటెత్తిన రోజున, రోడ్డు పక్క తూముల్లోంచి నీళ్ళు పైకి తన్నుకొస్తాయి. మొన్న తూము జాలీ దగ్గర చూస్తే ప్లాస్టిక్ సంచులు గుట్టగా ఇరుక్కుని ఉన్నాయి. సిటీ కౌన్సిల్ సమావేశానికి వెళ్ళి, "ఆ సంచులు నిషేధించండి, మా వీధి తూము బాగుచేయండి" అని అడిగాను. ఒకాయన చాలా మర్యాదగా, "అది మా చేతిలో లేదండీ, ఈసారి రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌కి ఇచ్చే కోరికల పట్టికలో పెడతాం" అన్నారు. పన్ను కట్టేది నగరానికి, దేబిరించాల్సింది రాష్ట్రాన్నా? ఈ పట్టిక వల్ల నిజంగా ఏమైనా జరుగుతుందా, లేక మమ్మల్ని ఇంటికి పంపే ఉపాయమా?
— ఒక పాఠకుడు, హాంప్టన్ రోడ్స్ ప్రాంతం

జవాబు: తమ్ముడూ, మీరు రెండు అడిగితే ఆయన రెండింటికీ కలిపి ఒకే జవాబు చెప్పారు. సంచుల విషయంలో ఆయన చెప్పింది నిజం. తూము విషయంలో కాదు. జాలీలో ఇరుక్కున్న చెత్త తీయడానికి ఏ శాసనసభ అనుమతీ అక్కర్లేదు. దానికోసమే మీ దగ్గర స్టార్మ్‌వాటర్ ఫీజు తీసుకుంటున్నారు. ఇక్కడి ఒక తీర నగరంలో వాన నీటి విభాగంలో ఇరవై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను. "రిచ్‌మండ్ చూసుకోవాలి" అన్న మాట కొన్నిసార్లు చట్టం, కొన్నిసార్లు సాకు. ఏది ఏదో తెలుసుకుంటే మీ పని సగం అయినట్టే.

మీది వర్జీనియా బీచో, నార్ఫోకో, చెసపీకో, పోర్ట్స్‌మతో రాయలేదు. పరవాలేదు, ఈ విషయంలో అందరిదీ ఒకటే తలరాత. దాని పేరు డిల్లన్ రూల్. 1868లో అయోవా రాష్ట్రపు న్యాయమూర్తి జాన్ డిల్లన్ తీర్పు నుంచి వచ్చింది. రాష్ట్రం చట్టంలో రాసిచ్చిన అధికారాలే నగరానికి ఉంటాయి, రాయనివి లేనట్టే, అనుమానం వస్తే నగరానికి లేదనే అర్థం చెప్పుకోవాలి. వర్జీనియా దీన్ని చాలా గట్టిగా పట్టుకుంది. చిన్నప్పుడు మా ఊళ్ళో కాలవ పూడితే పంచాయతీ ప్రెసిడెంటు గారి అరుగు మీద కూర్చునేవాళ్ళం, ఆయన కసురుకుంటూనైనా మనుషుల్ని పంపేవాడు. ఇక్కడ మేయరుకి మనసున్నా ముందు చట్టం పుస్తకం తిరగేయాలి.

మీ సంచులనే తీసుకోండి. వాటిని నిషేధించే అధికారం వర్జీనియాలో ఏ నగరానికీ ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి బిల్లులు వెళ్ళాయి, చచ్చాయి. చివరికి 2020లో రాష్ట్ర శాసనసభ, అంటే జనరల్ అసెంబ్లీ, ఇచ్చింది ఒకటే: 2021 నుంచి కావాలనుకున్న నగరాలు సంచికి ఐదు సెంట్ల పన్ను వేసుకోవచ్చు. నిషేధం అడిగితే ఐదు సెంట్లు! ఆ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో కూడా వాళ్ళే రాశారు: చెత్త ఎత్తడం, కాలుష్యం తగ్గించడం, జనానికి ఆ సంగతులు చెప్పడం, ప్రభుత్వ ఆహార సహాయం పొందే కుటుంబాలకు మళ్ళీ మళ్ళీ వాడుకునే సంచులివ్వడం. కాబట్టి ఈసారి మీరు "నిషేధించండి" అనకండి. "ఈ ఐదు సెంట్లు మన నగరం వేసిందా? వేయకపోతే ఎందుకు వేయలేదు?" అని అడగండి. దానికి రిచ్‌మండ్ పేరు చెప్పి తప్పించుకోలేరు.

ఇక ఆ పట్టిక సంగతి. దాన్ని లెజిస్లేటివ్ అజెండా అంటారు. ఎండాకాలం చివర నుంచి అన్ని శాఖలూ తమ కోరికలు రాసి పైకి పంపుతాయి. శరదృతువులో కౌన్సిల్ దాన్ని ఆమోదిస్తుంది, తరవాత ఆ అసెంబ్లీలో మన ప్రాంతం వాళ్ళని, అంటే కింది సభలోని డెలిగేట్లనీ పై సభలోని సెనేటర్లనీ, పిలిచి చేతికిస్తారు. జనవరి రెండో బుధవారం సభ మొదలవుతుంది. సరిసంఖ్య ఏడాదిలో 60 రోజులు, బేసి ఏడాదిలో చట్టం ప్రకారం 30, మామూలుగా పొడిగించి 46. ఆ కాస్త వ్యవధిలో వంద మంది డెలిగేట్లు, నలభై మంది సెనేటర్లు వేల బిల్లులు చూడాలి. 38 స్వతంత్ర నగరాలు, 95 కౌంటీలు, ఎవరి కోరికలు వాళ్ళవి. పెళ్ళిలో ఆఖరి బంతికి కూర్చున్నవాడికి అప్పడం వస్తుందో లేదో అన్నట్టుంటుంది.

పట్టిక ముప్ఫై పేజీలున్నా లోపలుండేవి మూడు రకాలే. డబ్బివ్వండి, అనుమతివ్వండి, మా నెత్తిన కొత్త బరువు పెట్టకండి. జనం మొదటిది మాత్రమే చదువుతారు. మా ఆఫీసులో గుండె దడ పుట్టించేది మూడోది. ఒక ఉదాహరణ చెబుతాను. నూరు శాతం వైకల్యం వచ్చిన మాజీ సైనికుల ఇళ్ళకు ఆస్తిపన్ను మినహాయిస్తూ 2010 నవంబరులో ఓటర్లు రాజ్యాంగ సవరణ ఆమోదించారు. మంచి పని, నేనూ ఓటేశాను. కానీ ఆ మినహాయింపు భారం పడేది నగరాల ఖజానా మీద. నార్ఫోక్‌లో నౌకా స్థావరం, వర్జీనియా బీచ్‌లో ఓషియానా విమాన స్థావరం, చుట్టూ రిటైరైన సైనికుల కుటుంబాలు. కొండల్లో ఉండే చిన్న కౌంటీకి లెక్కలోకి రానిది మనకు పెద్ద బొక్క. ఆ భారంలో రాష్ట్రం కూడా కొంత పంచుకోవాలని తీర నగరాలు అడగడం వెనక ఉన్నది ఇదే. సైనికులంటే గౌరవం లేకపోవడం కాదు.

అనుమతి అడిగి భంగపడ్డదానికి కూడా ఒకటి చెప్పాలి. బడి భవనాల కోసం ఒక శాతం అమ్మకపు పన్ను వేయాలా వద్దా అని స్థానిక ఓటర్లనే అడిగే అవకాశం అన్ని ఊళ్ళకూ ఇమ్మని నగరాలు కోరాయి. పన్ను వేయమని కాదు, జనాన్ని అడగనివ్వమని. 2024లో రెండు సభలూ ఒప్పుకున్నాయి, గవర్నరు వీటో చేశారు. అంతే.

మన పట్టికలో నీళ్ళు పైన ఉండటానికి కారణం మీ వీధిలోనే కనిపిస్తోంది. నార్ఫోక్‌లో స్యూల్స్ పాయింట్ దగ్గర 1927 నుంచి సముద్ర మట్టం కొలుస్తున్నారు. ఏడాదికి సుమారు 4.8 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోంది, అంటే వందేళ్ళకి అడుగున్నర పైమాటే. సముద్రం లేస్తోంది, కింద నేల కుంగుతోంది. దశాబ్దాలుగా భూగర్భ జలం తోడేయడం కుంగడానికి ఒక కారణం. అందుకే మన ప్రాంతపు మురుగునీటి సంస్థ, శుద్ధి చేసిన నీటిని తిరిగి భూమిలోకి ఎక్కించే స్విఫ్ట్ అనే పథకం పట్టుకుంది. వర్జీనియా బీచ్ దక్షిణాన ఇంకో విచిత్రం ఉంది. బ్యాక్ బేలో చంద్రుడి ఆటుపోట్లు ఉండవు, గాలి పోటు ఉంటుంది. దక్షిణపు గాలి రోజుల తరబడి వీస్తే నార్త్ కరోలినా వైపు కరిటక్ సౌండ్ అనే సముద్రపు పాయ నీళ్ళు ఎదురెక్కి రోడ్ల మీదికొస్తాయి. కొత్తగా చేరిన ఇంజనీర్లు పోటు పట్టిక చూసి "ఇవాళ నీళ్ళు రావు" అంటే మా పాతవాళ్ళు కిటికీలోంచి చెట్ల కొమ్మలు ఎటు ఊగుతున్నాయో చూసేవారు.

2016 అక్టోబరులో మాథ్యూ తుపాను వచ్చినప్పుడు వర్జీనియా బీచ్‌లోని విండ్సర్ వుడ్స్, ప్రిన్సెస్ యాన్ ప్లాజా, ద లేక్స్ కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చిన సంగతి ఈ చుట్టుపక్కల అందరికీ గుర్తే. ఆ తరవాత 2021 నవంబరులో వర్జీనియా బీచ్ ఓటర్లు వరద పనుల కోసం 56 కోట్ల 75 లక్షల డాలర్ల బాండ్లకు సరేనన్నారు. పన్ను పెరుగుతుందని తెలిసీ! అయినా అది చాలదు. రాష్ట్రం 2020లో వరద సంసిద్ధత నిధి ఒకటి పెట్టింది. కొన్ని రాష్ట్రాలు ఒప్పందం చేసుకుని నడిపే కర్బన ఉద్గారాల అనుమతుల వేలంలో వర్జీనియాకు వచ్చే సొమ్ములో 45 శాతం దానికి వెళ్ళేది. 2023 చివర్లో రాష్ట్రం ఆ ఒప్పందం నుంచి బయటికొచ్చింది, ఆ ధార ఆగింది. ఆ తరవాత ఆ నిధికి బడ్జెట్‌లో పెట్టమని అడుక్కోవాల్సి వచ్చింది. రాష్ట్ర బడ్జెట్ రెండేళ్ళది, సరిసంఖ్య ఏడాదిలో రాస్తారు, బేసి ఏడాదిలో సవరణలే. డబ్బు అడగాలంటే అందుకే సరిసంఖ్య ఏడాది మేలు.

పట్టిక పనిచేస్తుందా అన్నారు. మీ అంశం దగ్గర ఏ క్రియ వాడారో చూడండి. "కోరుతున్నాం" అంటే నగరం కాలినడకన వెళ్ళి తలుపు కొడుతుంది. "సమర్థిస్తున్నాం" అంటే ఎవరైనా కొడితే మేమూ వెనకాల నిలబడతాం అని. చాలామంది కోరికలు రెండో గుంపులో సుఖంగా నిద్రపోతుంటాయి. తరవాత అడగాల్సింది, పేట్రన్ ఎవరు? బిల్లు ప్రవేశపెట్టే సభ్యుణ్ణి వర్జీనియాలో అలా పిలుస్తారు. పేట్రన్ పేరు చెప్పలేకపోతే అది కోరిక కాదు, దేవుడి హుండీలో వేసిన చీటీ.

బిల్లు వెళ్ళాక జరిగేదానికి ఒక భాష ఉంది. మొదటి ఏడాది మా విభాగం కోరిన బిల్లు ముందు "పాస్డ్ బై ఇండెఫినిట్లీ" అని కనిపిస్తే, పాసైందనుకుని ఆఫీసుకి రెండు డబ్బాల మైసూర్‌పాక్ పట్టుకెళ్ళాను. మా మేనేజరు రెండు ముక్కలు తిన్నాక చెప్పాడు, దాని అర్థం కమిటీ ఆ బిల్లుని శాశ్వతంగా పక్కన పెట్టేసిందని. "లేడ్ ఆన్ ద టేబుల్" అన్నా చావే. "క్యారీడ్ ఓవర్" అంటే మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా, కొన ఊపిరి ఉన్నట్టు.

కాబట్టి జనవరిలో ఆవేశపడి లాభం లేదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మీ కౌన్సిల్ సభ్యుడికి ఒక పేజీ ఉత్తరం రాయండి. నీళ్ళు నిలిచిన తేదీలు, ఫోటోలు, ఎన్ని ఇళ్ళవాళ్ళు ఇబ్బంది పడ్డారో. తూము శుభ్రత గురించి వేరే ఉత్తరం, అది పబ్లిక్ వర్క్స్‌కి. రెండూ ఒకే కాగితం మీద రాశారా, మళ్ళీ అదే మర్యాదైన జవాబు వస్తుంది. ఇంకోమాట, మామూలు ఇంటి ఇన్సూరెన్స్ వరద నష్టం ఇవ్వదు. ఫెడరల్ వరద బీమా కొన్నా సాధారణంగా 30 రోజుల తరవాతే అమల్లోకి వస్తుంది. టీవీలో తుపాను బొమ్మ తిరగడం మొదలయ్యాక ఫోన్ చేస్తే ఆలస్యమే.

ప్రశ్న: నాది గ్రీన్ కార్డ్, మా చెల్లెలిది హెచ్1బీ. ఓటు లేనివాళ్ళ మాట డెలిగేట్ వింటారా?
— ఒక పాఠకురాలు, చెసపీక్

జవాబు: వింటారమ్మా. నియోజకవర్గాలు గీసేది జనాభా లెక్కల మీద, ఆ లెక్కలో మీరిద్దరూ ఉన్నారు. కమిటీ ముందు మాట్లాడేటప్పుడు ఎక్కడుంటారని అడుగుతారు గాని పాస్‌పోర్టు అడగరు. బిల్లు నంబరు ముందు చెప్పి, నిమిషంలో ముగించండి. జాగ్రత్త పడాల్సింది ఒకటే. మీరు ఎన్నికల విరాళం ఇవ్వొచ్చు, మీ చెల్లెలు ఇవ్వకూడదు. శాశ్వత నివాసం లేని విదేశీయులు ఏ స్థాయి ఎన్నికకీ చందా ఇవ్వడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. తెలిసినవాళ్ళ ఇంట్లో విందు అని పిలిచి చివర్లో చెక్కుల పళ్ళెం తిప్పే సాయంత్రాలుంటాయి, ఆమెకి ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: బీచ్‌లో ఇసుక కొట్టుకుపోతోంది కదా, పట్టికలో అది పైన ఎందుకు ఉండదు?
— ఒక పాఠకుడు, వర్జీనియా బీచ్

జవాబు: ఆ తలుపు వాషింగ్టన్‌లో ఉంది బాబూ. బీచ్‌కి ఇసుక పోసే పెద్ద పనులు ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ ద్వారా, ఎక్కువ భాగం ఫెడరల్ డబ్బుతో జరుగుతాయి, నగరం తన వాటా వేసుకుంటుంది. శాండ్‌బ్రిడ్జ్‌లో అయితే ఇళ్ళ యజమానులు దానికోసమే అదనపు పన్ను కడతారు.