సొంతానికే అయినా ఇంట్లో బీరు తయారు చేసుకోవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. ఉద్యోగరీత్యా బెంగళూరు, గోవా, లండన్ వెళ్లినప్పుడల్లా అక్కడి చిన్న బ్రూవరీల్లో క్రాఫ్ట్ బీర్లు రుచి చూడడం నాకు అలవాటు. లండన్‌లో ఒక సహోద్యోగి తన వంటింట్లోనే ఏల్ అనే ఒక రకం బీరు తయారు చేయడం చూశాక నేనూ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు), ఈస్ట్, 20 లీటర్ల డ్రమ్ము ఉన్న కిట్ తెప్పించాను. ఇంకా మొదలుపెట్టలేదు. అమ్మే ఉద్దేశం లేదు కానీ ఇద్దరు మిత్రులు ఖర్చు పంచుకుంటామంటున్నారు. ఇది నేరమవుతుందా? బెంగళూరు నుంచి నాలుగు క్యాన్లు తెచ్చుకోవచ్చా?

జవాబు: మీరు ఒక్క సీసా అమ్మకపోయినా, లైసెన్సు లేకుండా ఇంట్లో ఏల్ తయారు చేయడం మన రాష్ట్రంలో నేరమే. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968లోని 13వ సెక్షన్ లైసెన్సు లేని తయారీనే నిషేధిస్తుంది. ఆ తయారీ అమ్మకానికా, సొంతానికా అని అడగదు. సహజంగా జరిగినా కృత్రిమంగా జరిపినా మత్తు పానీయం పుట్టే ప్రతి ప్రక్రియా ఈ చట్టం దృష్టిలో తయారీయే కాబట్టి, 'నేను కలిపి మూతపెట్టాను, పులియబెట్టింది ఈస్ట్' అన్న వాదన నిలవదు. ఏల్ కూడా చట్టంలోని బీరు నిర్వచనం కిందికే వస్తుంది. ఉల్లంఘనకు 34వ సెక్షన్ కింద జైలు, జరిమానా ఉంటాయి. సరుకు, సామగ్రి జప్తు అవుతాయి.

మీరు అడగని విషయం ఒకటి నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. మత్తు పానీయం తయారు చేసే ఉద్దేశంతో ముడిసరుకు, పాత్రలు, పరికరాలు ఉంచుకోవడాన్ని కూడా ఆ 13వ సెక్షనే నిషేధిస్తుంది. ఇక్కడ కీలకమైన మాట ఉద్దేశం. జావ కాచుకోవడానికి ఇంట్లో బార్లీ ఉంటే ఎవరూ తప్పుపట్టరు. కానీ హాప్స్, బీరు ఈస్ట్, గాలి బయటికి పోయే గొట్టం అమర్చిన డ్రమ్ము ఒకేచోట ఉండి, మిత్రులతో ఖర్చు పంచుకోవడం గురించి మీ ఫోనులో సందేశాలు కూడా ఉంటే, ఉద్దేశాన్ని రుజువు చేయడం ఎక్సైజ్ అధికారులకు కష్టం కాదు. పైగా మిత్రుల నుంచి డబ్బు తీసుకుంటే, అది ఖర్చులో వాటాయేనని మీరు ఎంత చెప్పినా, అమ్మకం ఆరోపణ కూడా మీ మీదికి వస్తుంది. ఆ డబ్బు దయచేసి తీసుకోకండి.

మీ లండన్ సహోద్యోగికి లేని ఇబ్బంది మీకెందుకంటే, అక్కడి చట్టం సొంత వాడకాన్ని స్పష్టంగా మినహాయించింది. బ్రిటన్‌లో 1963 దాకా ఇంట్లో బీరు తయారీకీ లైసెన్సు కావలసి వచ్చేది. ఆ ఏడాది దాన్ని ఎత్తివేశారు. అమెరికా 1978లో చట్టం చేసి, పెద్దలు ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు పన్ను లేకుండా అనుమతించింది. అయినా అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్ర జాబితాలోని 8వ అంశం, అంటే దాని మీద చట్టం చేసేది రాష్ట్రాలే. మన రాష్ట్రం అలాంటి మినహాయింపు ఇవ్వలేదు. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో చెప్పింది. 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన తీర్పు కూడా ఇంటి తయారీకి అనుమతిపత్రం కాదు. నాటుసారా బట్టీకి, ఐదు శాతం ఆల్కహాలు కూడా దాటని పులిసిన బార్లీ నీటికి ప్రమాదంలో ఎంతో తేడా ఉందనీ, కొద్ది పరిమాణానికి శాసనసభ మినహాయింపు ఇవ్వడం న్యాయమనీ నా అభిప్రాయం. అది వచ్చేదాకా మాత్రం కోర్టులో నేను మీ తరఫున నిలబడినా ఆ తేడా మిమ్మల్ని కాపాడదు.

ఇక క్యాన్ల సంగతి. పక్క రాష్ట్రం నుంచి మద్యం తేవడాన్ని మన చట్టం 'దిగుమతి' అంటుంది. కాకినాడ పక్కనే ఉన్న యానాం నుంచి తెచ్చినా అంతే, ఎందుకంటే అది పుదుచ్చేరి ప్రాంతం. 24 శాతం కన్నా తక్కువ ఆల్కహాలు ఉన్న పానీయాలకు చెక్-ఇన్ సామానులో విమానయాన నిబంధనలు పరిమితి పెట్టవు గనుక బీరుకు బెంగళూరు విమానాశ్రయంలో అడ్డు ఉండదు. అయితే అది విమాన భద్రతకు సంబంధించిన అనుమతి మాత్రమే, మన రాష్ట్ర సుంకం చెల్లించినట్టు కాదు. పర్మిట్ లేకుండా తేకండి.

బెంగళూరులో, గోవాలో లైసెన్సున్న చోట కూర్చుని రుచి చూడడంలో మీకే చిక్కూ లేదు. తాగడానికి ఆ చోటి చట్టమే వర్తిస్తుంది. గుజరాత్ వెళితే పర్మిట్ తీసుకోవాలి, బీహార్‌లో 2016 నుంచి పూర్తి నిషేధం ఉంది. ఎక్కడ తాగినా బండి మాత్రం నడపకండి: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారే ఆరు నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

తయారీ నేర్చుకోవాలన్న కోరిక బలంగా ఉంటే, లైసెన్సున్న మైక్రోబ్రూవరీలో వాళ్ల పర్యవేక్షణలో నేర్చుకోవచ్చేమో అడిగి చూడండి. మీరు ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి కిట్‌ను ఈ వారంలోనే అమ్మినవారికి తిప్పి పంపండి. కొన్న బిల్లు, వాపసు పంపిన రసీదు రెండూ దాచి ఉంచుకోండి.