ఉత్తర కెనడాలోని ఎల్లోనైఫ్‌లో బొచ్చు టోపీ కొనడం గురించి

మీ డబ్బు జంతువులను ఉచ్చులతో పట్టే వేటగాళ్లకే చేరాలనీ, టోపీని హైదరాబాదు తీసుకెళ్లడంలో చిక్కు రాకూడదనీ అడిగారు. మంచి ఆలోచనండీ!

అక్కడి కుట్టుపనివారి దగ్గరే నేరుగా కొనండి. చర్మం ఎవరు తెచ్చారో అడగండి. పచ్చి చర్మాలు ఎక్కువగా వేలానికి వెళ్తాయి, అప్పుడు వేటగాళ్ల డబ్బు వేలం సంస్థ చేతిలో ఉంటుంది. 2019లో టొరంటోలోని పెద్ద వేలం సంస్థ అప్పుల్లో కూరుకుపోయి కోర్టు రక్షణ కోరితే, రావలసిన సొమ్ము కోసం ఎందరో పేద వేటగాళ్లు ఎదురుచూశారు. కెనడాలోనే నార్త్ బే పట్టణంలో ఉన్న ఫర్ హార్వెస్టర్స్ వేలం సంస్థ మాత్రం వేటగాళ్ల సొంతం. అందుకే నాకు దానిపై అంత గౌరవం.

బీవర్ (నీటి ఒడ్డున బతికే పెద్ద ఎలుకజాతి జంతువు) బొచ్చు ఎంచుకోండి. లింక్స్ (ఒక రకం అడవిపిల్లి), తోడేలు, నీటికుక్క వద్దు. అవి వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, సరిహద్దు దాటించాలంటే అనుమతిపత్రాల తలనొప్పి. రసీదులో జంతువు పేరు తప్పక రాయించుకోండి. బయలుదేరే ముందే భారత కస్టమ్స్‌కు ఈమెయిల్ రాసి, జవాబు దగ్గర ఉంచుకోండి.