గుర్రం కోసం జర్మనీ వెళ్లాలా?

ప్రశ్న: మాది మదనపల్లె. ఇరవై ఏళ్లుగా బెంగళూరులో, యలహంక దగ్గర ఉంటున్నాం. మా అమ్మాయికి పదిహేడేళ్లు. ఏడేళ్లుగా గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. ఇప్పుడు షో జంపింగ్‌లో మీటరు పది సెంటీమీటర్ల అడ్డంకులు దాటిస్తోంది. ఇంతకాలం స్కూలు గుర్రాల మీదే నేర్చుకుంది. సొంత గుర్రం కావాలంటే జర్మనీకో నెదర్లాండ్స్‌కో వెళ్లి కొనడమే మేలని, అక్కడ తనకు తెలిసిన వ్యాపారి ఉన్నాడని, నాలుగు రోజుల్లో పని ముగించుకుని రావచ్చని కోచ్ గారు అంటున్నారు. నాకు కార్లు కొనడం తెలుసు గానీ జంతువులను కొనడం తెలియదు. ఊళ్లో ఉన్న మా పెద్దమామయ్య మాత్రం ఎక్కడ కొన్నా సుడులు చూసి కొనమంటున్నారు. వెళ్లవచ్చా? వెళ్తే ఏమేం చూడాలి?
– ఒక తండ్రి, బెంగళూరు

సమాధానం: వెళ్లవచ్చు. అయితే టిక్కెట్లు కొనే ముందే, కొన్న గుర్రం ఎక్కడ ఉండబోతోందన్నది మీ ఇంట్లో తేల్చుకోండి. నా దగ్గరికి సలహా కోసం వచ్చినవారిలో చాలామంది ఈ ప్రశ్నను చివరికి వదిలేసినవారే. గ్లాండర్స్, సర్రా వంటి జబ్బుల భయంతో, మన దేశపు గుర్రాలను ఐరోపా దేశాలు నేరుగా రానివ్వకపోవడం చాలా ఏళ్లుగా ఉన్నదే. అందుకే ఒకసారి బెంగళూరు చేరిన గుర్రాన్ని విదేశీ పోటీలకు తిరిగి తీసుకువెళ్లడం మహా కష్టం. మన బెంగళూరు యువకుడు ఫవాద్ మీర్జా టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానంలో నిలిచినప్పుడు, ఆయన జర్మనీలో ఉండే సాధన చేశారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో డ్రెస్సాజ్ (గుర్రం చేత లయగా అడుగులు వేయించే పోటీ) జట్టు విభాగంలో స్వర్ణం తెచ్చిన మన నలుగురూ ఐరోపాలో ఉంచిన గుర్రాలతోనే పోటీకి వెళ్లారు. 2025లో మీరట్‌లోని సైనిక పశువైద్య కేంద్రంలో ఏర్పాటైన వ్యాధిరహిత ఆవరణకు ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించింది కాబట్టి ఇకముందు దారి కొంత తెరుచుకోవచ్చు. అయినా మీ అమ్మాయి గుర్రం ఆ ఆవరణలో ఉండదు, యలహంకలో ఉంటుంది. కనుక మీరు కొనబోయేది మన దేశంలోని పోటీలకే పనికివచ్చే గుర్రమని అనుకునే లెక్కలు వేసుకోండి.

ఇక కోచ్ గారి మాట. గుర్రాల వ్యాపారంలో కొనుగోలుదారును తీసుకువచ్చిన వ్యక్తికి కమీషన్ ముట్టడం ఐరోపాలోనూ మామూలే, అందులో తప్పేమీ లేదు. అది ఎంతో, ఎవరు ఇస్తారో మీకు తెలియకపోవడమే తప్పు. బయలుదేరే ముందే ఆయనను మర్యాదగా అడిగి, కాగితం మీద రాయించుకోండి. అడిగినందుకు నొచ్చుకుంటే, ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని బేరమాడడం మీకు క్షేమం కాదు. ఆయన చెప్పిన వ్యాపారినే కాకుండా కనీసం మరి ఇద్దరి గుర్రాలను చూడండి. నాలుగు రోజులు చాలవు. ఎనిమిది పది రోజులు పెట్టుకోండి. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు.

జర్మనీ ఉత్తర భాగంలో హనోవేరియన్ గుర్రాలకు వెర్డెన్, ఓల్డెన్‌బర్గ్ జాతికి వెఖ్తా పట్టణాలు ప్రసిద్ధి. అక్కడి వేలంపాటలు చూడడానికి పండుగలా ఉంటాయి గానీ, వాటిలో ఎక్కువగా వచ్చేవి మూడు నుంచి ఐదేళ్ల పిల్ల గుర్రాలు. పదిహేడేళ్ల అమ్మాయి, ఐదేళ్ల గుర్రం కలిసి నేర్చుకుంటాయనడం వినడానికి ముచ్చటగా ఉంటుంది. ఆచరణలో రెండూ కలిసి భయం నేర్చుకుంటాయి. మీరు వెతకవలసింది ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య వయసున్నది, మీటరు ముప్పై వరకు నిదానంగా పోటీచేసి వచ్చినది, సవారీ చేసేవారి పొరపాట్లను క్షమించేది. ఇలాంటివి వేలాల్లో కంటే పోటీదారుల సొంత లాయాల్లో, నెదర్లాండ్స్, బెల్జియం సరిహద్దుల్లోని చిన్న వ్యాపారుల దగ్గర దొరుకుతాయి. అంతర్జాతీయ పోటీల్లో ఆడిన గుర్రమైతే, దాని ఫలితాలను లోజాన్‌లోని అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడవచ్చు. ఎన్ని గెలిచిందన్నది తరవాత చూడవచ్చు. ముందు ఎక్కడ ఖాళీ ఉందో చూడండి. ఎనిమిది నెలల పాటు ఒక్క పోటీలోనూ కనిపించలేదంటే, ఆ ఎనిమిది నెలల సంగతి అడగవలసిందే.

చూడడంలో ఉన్న అసలు కిటుకు ఒక అనుభవంతో చెబుతాను. కొన్నేళ్ల క్రితం దక్షిణాది కుటుంబం ఒకదానితో కలిసి ఉత్తర జర్మనీలో ఒక లాయానికి వెళ్లాను. మాకు పది గంటలకు రమ్మని చెప్పారు. మేము తొందరపడి తొమ్మిదింబావుకే చేరాం. జీను వేసి సిద్ధంగా నిలబెట్టిన గుర్రం గొర్రెపిల్లలా ఉంది. ఎవరు ముట్టినా చెవులు వెనక్కి వేయలేదు. జీను అంచు ఎత్తి చూస్తే, దాని కింది వెంట్రుకలు చెమటకు తడిసి, అప్పుడే ఆరి, తెల్లని ఉప్పు చారలు కట్టి ఉన్నాయి. కాలి వెనుక నరాల దగ్గర చేయి పెడితే ఇంకా వేడి తగ్గలేదు. మేము రాకముందే దానిని గంటసేపు తాడు మీద తిప్పి అలసిపోయేలా చేశారన్నమాట. అందులో మోసం ఉందని అనను, ఎందుకంటే కొన్ని గుర్రాలను అలా వేడెక్కిస్తేనే మంచిదని వాళ్లు నమ్ముతారు. కానీ మీ ఇంటికి వచ్చిన గుర్రాన్ని ప్రతి ఉదయం ఒక గంట ముందు తిప్పే మనిషి మీకు ఉన్నాడా? అందుచేత చెప్పకుండా ముందే వెళ్లండి. గుర్రం లాయంలో ఉండగానే చూడండి. కళ్ళెం వేయించుకోవడం, గిట్టలు ఎత్తనివ్వడం, జీను బిగించేటప్పుడు పళ్ళు చూపడం లేదా చూపకపోవడం, అన్నీ మీ ముందే జరగాలి. మొదట వాళ్ల మనిషి ఎక్కాలి, తరవాత మీ అమ్మాయి ఎక్కాలి. మరునాడు తిరిగి వెళ్లి, తోటి గుర్రాలకు దూరంగా ఒంటరిగా బయటికి నడిపించి చూడండి. ట్రక్కులోకి ఎక్కించి దింపి చూపమనండి, ఎందుకంటే మీ గుర్రం ఎక్కవలసిన బండ్లు ముందు చాలా ఉన్నాయి.

నచ్చిన తరవాత కూడా వైద్య పరీక్ష పూర్తయ్యే దాకా డబ్బు కట్టకండి. పరీక్ష చేసే డాక్టరు అమ్మేవారి గుర్రాలకు రోజూ చూసే డాక్టరు కాకూడదు. మీ ఖర్చుతో మీరు నియమించుకున్నవారు కావాలి. గట్టి నేల మీద తిన్నగా నడిపిస్తారు, ట్రాట్‌లో (నడకకూ దౌడుకూ మధ్య వేగంలో) పరుగెత్తిస్తారు, గట్టి నేలా మెత్తటి నేలా రెండింటి మీద గుండ్రంగా తిప్పిస్తారు. కాలి కీలును నిమిషం పాటు మడిచి పట్టుకుని, వదిలిన వెంటనే పరుగెత్తించి కుంటుతుందేమో చూస్తారు. కుదురుగా ఉన్నప్పుడు, పరుగు తరవాత, గుండె చప్పుడు వింటారు. చీకటి గదిలో కళ్ళు చూస్తారు. ముందు గిట్టల్లోని నావిక్యులర్ ఎముకకు, వెనక కాళ్ళ కీళ్ళకు ఎక్స్‌రేలు తీస్తారు. ఆ చిత్రాలను మీరు నమ్మే మన దేశపు గుర్రాల డాక్టరుకు కూడా పంపించండి. నొప్పి తెలియనీయని మందులేవైనా ఇచ్చారేమో తరవాత తెలుసుకోవడానికి రక్త నమూనా తీసి భద్రపరచమని అడగండి. కొన్నేళ్లు ఆడిన గుర్రానికి ఎక్స్‌రేలో ఏ మచ్చా లేకుండా ఉండాలనుకోవడం అత్యాశ. ఉన్న లోపం మీ అమ్మాయి చేయించబోయే పనికి అడ్డం వస్తుందా అన్నదే డాక్టరును అడగవలసిన ప్రశ్న.

మీ పెద్దమామయ్య గారి సుడుల మాట తీసివేయకండి. శుభాశుభాల సంగతి నాకు తెలియదు. కానీ ఐరోపా గుర్రానికి ఉండే పాస్‌పోర్టు తెరిస్తే లోపల గుర్రపు రేఖాచిత్రం ఉంటుంది. దాని మీద తెల్ల మచ్చలతో పాటు సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఇంటూ గుర్తులతో వేసి ఉంటాయి. మామయ్య గారికి ఆ పేజీ ఫొటో పంపించండి. ఆయన జాతకం చూసుకుంటారు. మీరు అదే పేజీతో, ఎదురుగా నిలబడ్డ గుర్రం ఆ కాగితంలోని గుర్రమేనా అని సరిచూసుకోండి. మెడలోని మైక్రోచిప్‌ను స్కానర్‌తో చదివించి, 15 అంకెల సంఖ్య పాస్‌పోర్టులోని సంఖ్యతో కలుస్తుందో లేదో చూసుకోవాలి. మరొక చిన్న మాట. అక్కడ ఎత్తును సెంటీమీటర్లలో చెబుతారు. 168 సెంటీమీటర్లంటే మన లాయాల్లో చెప్పే 16.2 చేతులు (ఒక చేయి అంటే నాలుగు అంగుళాలు). ఆ చుక్క దశాంశం కాదు, పదహారు చేతుల రెండు అంగుళాలని అర్థం.

ఖర్చు విషయంలో, జర్మనీలో 19 శాతం, నెదర్లాండ్స్‌లో 21 శాతం వ్యాట్ ఉన్నా, ఐరోపా సంఘం వెలుపలికి ఎగుమతి అయినట్టు రుజువు చూపితే అది వర్తించదు. ఆ రుజువు వచ్చేదాకా ఆ మొత్తాన్ని ధరావతుగా ఉంచమని అమ్మేవారు అడగవచ్చు. ముందుగానే ఒప్పందంలో రాయించుకోండి. మన వైపున 1898 నాటి పశుసంపద దిగుమతి చట్టం ప్రకారం ముందస్తు అనుమతి, క్వారంటైన్ తప్పనిసరి. బెంగళూరులోనే జంతు క్వారంటైన్ కేంద్రం ఉండడం మీకు కలిసివచ్చే అంశం. అనుమతి కాగితం చేతికి రాకముందే డబ్బు కట్టినవారు, అక్కడి లాయానికి నెలనెలా అద్దె, మేత, సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) జీతం కట్టుకుంటూ ఎదురుచూస్తారు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత అక్కడ యూరోల్లో తెలిసివస్తుంది.

బీమా డబ్బు కట్టిన క్షణం నుంచే మొదలవ్వాలి. గుర్రం విమానం ఎక్కినప్పటి నుంచి అనుకోకండి. దారిలో చనిపోతే నష్టం ఎవరిదన్న ప్రశ్న కొత్తదేమీ కాదు. విజయనగరంలో మూడేళ్లు గడిపిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి న్యూనిజ్ రాసిన దాని ప్రకారం, సాళువ నరసింహరాయలు సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న దానికి ఇచ్చినట్టే సొమ్ము ఇచ్చేవాడట. ఇప్పటి బీమా కంపెనీలు అంత ఉదారంగా ఉండవు.

విమానంలో గుర్రాలను పెట్టెల వంటి గదుల్లో, ఒక్కొక్క దానిలో రెండు మూడింటిని నిలబెట్టి, సైసుతో పాటు పంపిస్తారు. బెల్జియంలోని లియేజ్ విమానాశ్రయంలో వీటికోసం ప్రత్యేక వసతి ఉంది. గంటల తరబడి తల ఎత్తి కట్టేసి ఉంచితే, ముక్కులోంచి, గొంతులోంచి దుమ్ము, క్రిములు కిందికి జారక ఊపిరితిత్తుల్లో చేరి జ్వరం వస్తుంది. అందుచేత మధ్యలో తల దించి గడ్డి తిననివ్వమని రవాణా సంస్థకు ముందే చెప్పండి. దిగిన తరవాత కనీసం వారం పాటు పొద్దునా సాయంత్రం జ్వరం చూసి పుస్తకంలో రాయించండి. మన గోమార్లను ఎన్నడూ చూడని రక్తం దానిది. వాటి వల్ల వచ్చే పైరోప్లాస్మోసిస్ అనే జబ్బు వస్తే గట్టిగానే వస్తుంది కాబట్టి మొదటి వేసవిలో లాయాన్ని, పక్కనున్న గడ్డిని శుభ్రంగా ఉంచండి. బెంగళూరు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉండడంతో వేడి కొంత నయం. చెన్నైలో అయితే చల్లని దేశాల గుర్రాలు కొన్ని చెమట పట్టడమే మానేసి, ముక్కుపుటాలు ఎగరేస్తూ నిలబడిపోతాయి. ఉలవలు, గుగ్గిళ్ళు మొదటి రోజే పెట్టకండి. అక్కడ తిన్న దాణా నుంచి నెమ్మదిగా రెండు మూడు వారాల్లో మార్చండి.

ప్రశ్న: మేము అంత దూరం వెళ్లలేం. వ్యాపారి వీడియోలు పంపిస్తున్నాడు. వాటిని చూసి కొనవచ్చా?
– ఒక పాఠకురాలు, కోరమంగళ

సమాధానం: వీడియోలో గుర్రం బాగా దూకడం కనిపిస్తుంది, కుంటడం కనిపించదు. ఎందుకంటే కుంటిన భాగాన్ని ఎవరూ పంపరు. తప్పనిసరైతే, కోతల్లేకుండా, లాయం తలుపు తెరవడం దగ్గర మొదలై స్వారీ ముగిసేదాకా ఒకే వీడియో అడగండి. గట్టి నేల మీద పక్కనుంచి, వెనక నుంచి ట్రాట్‌లో నడిచేది విడిగా పంపమనండి. అమ్మే మనిషితో సంబంధంలేని డాక్టరుతో పరీక్ష చేయించకుండా మాత్రం కొనకండి.

ప్రశ్న: విదేశీ గుర్రం కొనే స్తోమత లేదు. రేసుల నుంచి రిటైరైన గుర్రం తీసుకుంటే మా అబ్బాయికి పనికివస్తుందా?
– ఒక తండ్రి, జయనగర్

సమాధానం: నిక్షేపంగా పనికివస్తుంది. అయితే దానికి ఎడమవైపు, కుడివైపు సమానంగా తిరగడం, నిదానంగా ఆగడం మళ్లీ నేర్పాలి. ముందు ఆరు నెలలు కోచ్ ఎక్కాలి, అబ్బాయి కాదు. రేస్‌కోర్సు నుంచి తెచ్చే ముందు ముందుకాళ్ళ నరాలను చేత్తో తడిమి, ఒకవైపు లావుగా, వేడిగా ఉంటే అది ఎప్పటి దెబ్బో అక్కడి ట్రైనర్‌ను అడగండి. కాళ్ళకు స్కాన్ తీయించి, పాత దెబ్బ పూర్తిగా మానిందని డాక్టరు చెప్పిన తరవాతే లారీ మాట్లాడండి.